మేస్త్రిగారి ఏడు మార్కులు

పదికి ఏడు. అంతకు మించి రొట్టెల మేస్త్రిగారి చేతి నుంచి ఎవరికీ మార్కు రాలలేదు. భార్య వంటకు ఆరున్నర. బావమరిది కుట్టిన చొక్కాకు అయిదు. సొంత కూతురి పెళ్లికి ఏడు. ఆ ఏడైనా ఎందుకు వచ్చాయంటే పెళ్లి కేకు ఆయనే చేశారు కాబట్టి. మిగతా మూడూ పెళ్లికొడుకు వల్ల పోయాయని ఆయన అభిప్రాయం. ఈ సంగతి అల్లుడికి కూడా తెలుసు, ఎందుకంటే మేస్త్రిగారు మనసులో ఏదీ దాచుకునే మనిషి కారు.

ఆయన చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. అయితే అది ఆ రోజుల అయిదు. పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలరు, ఇప్పటికీ ఎవరైనా అడిగితే చాలు, అడక్కపోయినా సరే. బడి మానేసి ఊళ్లోని పెద్ద బేకరీలో రొట్టెలు కాల్చే రేకులు తుడిచే పనికి చేరి, పిండి మూటలు మోసి, పిండి పిసికి, చివరికి బట్టీ దగ్గర పెద్ద మేస్త్రి అయ్యారు. బేకరీలో పొయ్యిని బట్టీ అంటారు. దాని ముందు ఒక చేతుల కుర్చీ ఉండేది. అందులో పెద్ద మేస్త్రి తప్ప ఇంకొకరు కూర్చోవడానికి లేదు, యజమాని కూడా నిలబడే మాట్లాడేవాడు.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన చేసిన ఘనకార్యాలు చెప్పుకుంటూ పోతే పెద్ద గ్రంథమవుతుంది. వంతెన ప్రారంభానికి అచ్చంగా ఆ వంతెన లాంటి కేకే చేసి నిలబెట్టారు. అసలు వంతెనకు మరుసటి ఏడే బీట పడింది గానీ కేకుకు మాత్రం కోసేదాకా చిన్న పగులు కూడా రాలేదు. వీధి మొదట్లో ఉండగానే వాసన పట్టి, బట్టీలో ఏ వరస రొట్టె మాడుతోందో చెప్పేవారు. ఇక వరద వచ్చినప్పుడు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఊరంతటికీ రొట్టె కాల్చారు. ఆ వరద కథ ఊళ్లో వినని చెవి లేదు. నీళ్లు ముందు గడప దాటతాయి, తర్వాత పిండి మూటల్ని అటక మీదికి ఎక్కిస్తారు, తర్వాత ఒక మూట జారిపోతుంది, దాని వెనక ఆయన దూకుతారు. అక్కడ ఆయన కాసేపు ఆగుతారు. ఆ ఆగిన చోట ఎవరైనా లేచి వెళ్లిపోతే కథ మళ్లీ గడప దగ్గర్నుంచి మొదలవుతుంది. అందుకని తెలిసినవాళ్లు లేవరు.

బట్టీ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కుర్చీలో ఉన్న మేస్త్రి నోటి నుంచి 'బాగుంది' అన్న మాట రాకూడదు. ఆ మాట వింటే పనివాడి చెయ్యి తేలికపడుతుందని, రేపటి పిండి చెడుతుందని నమ్మకం. ఆయనకు పని నేర్పిన పాత మేస్త్రి కూడా అంతే. రొట్టెను తిరగేసి అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, 'ఊఁ' అని పక్కన పెట్టేవాడు. ఆ 'ఊఁ' కోసం మేస్త్రిగారు ఏళ్ల తరబడి కాచుకున్నారు. ఆ 'ఊఁ'కే ఏడు మార్కులని ఆయన లెక్క. అంతకంటే పైన ఏముంటుందో ఆయనకు ఎవరూ చూపించలేదు.

బేకరీ మూతపడింది. యంత్రాలు ఎవరో కొనుక్కుపోయారు. బట్టీ మాత్రం గోడ పగలగొడితే తప్ప కదలదు కాబట్టి ఉండిపోయింది. కొన్నాళ్లకు మేస్త్రిగారి చెల్లెలి కూతురు ఆ కట్టడాన్ని అద్దెకు తీసుకుంది. ఆ పిల్ల పై ఊళ్లో ఉండి బీరు తయారీ నేర్చుకుని వచ్చింది. బట్టీ ముందు తళతళలాడే స్టీలు పీపాలు వరసగా నిలబెట్టింది, వెనక గదిని చల్లగది చేసింది. రొట్టె పుట్టిన చోట బీరేమిటని మేస్త్రిగారు ఇంట్లో ఒంటికాలి మీద లేచారు. నాలుగు మాటలు గట్టిగా అడిగేద్దామని చొక్కా వేసుకుని బయల్దేరారు కూడా.

తలుపు దగ్గరే ఆగిపోయారు. లోపల బార్లీ ఉడుకుతోంది, పక్క పీపాలో ఈస్టు పొంగుతోంది. జీవితమంతా ఆయన చొక్కాలకు పట్టిన వాసన అది. అడగదల్చుకున్న మాటలు నాలుగూ మరిచిపోయారు. మెల్లగా లోపలికి వెళ్లి, మూల నిలబడ్డ చేతుల కుర్చీని చూశారు. దాని మీద రబ్బరు గొట్టాలు చుట్టలు చుట్టి పడేసి ఉన్నాయి. వాటిని కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి, బట్టీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. లేవమని ఎవరూ అనలేదు. ఆయన ఉద్యోగంలో చేరడం అలా జరిగింది.

ప్రతి శనివారం మధ్యాహ్నం మేనకోడలు బల్ల వేసి కొత్త బీర్లు రుచి చూపించేది. బల్ల దగ్గర ముగ్గురు. ఒకరు మేస్త్రిగారు. రెండోవాడు ఆయన బావమరిది, దర్జీ, ముందు పోసిన దేనికైనా ఎనిమిది వేసే ఉదారుడు. తక్కువ వేస్తే మళ్లీ పొయ్యరేమోనని అతని భయం. మూడో మనిషి ఆ వీధిలోనే ఉండే ఆసుపత్రి నర్సమ్మ. ఆమె మాట్లాడదు. థర్మామీటరు చూసినట్టు గ్లాసును వెలుతురుకెత్తి చూసి, గుటక వేసి, అంకె వేస్తుంది. మార్కులు కాగితం మీద వేస్తే బరువుండదని మేస్త్రిగారు పట్టుబట్టి మూడు రాతి పలకలు తెప్పించారు. ముగ్గురూ సుద్దతో రాసి ఒక్కసారిగా పైకెత్తాలి.

మేస్త్రిగారు ఊరికే అంకె వేసి ఊరుకునేవారు కారు. గోధుమ బీరు తాగి, పిండి కలిపాక దాన్ని కునుకు తియ్యనివ్వాలి కదమ్మా, తట్టి లేపేశావు అని అయిదు వేశారు. నారింజ తొక్క వేసినదానికి, కేకులో పడాల్సింది దారి తప్పి గ్లాసులో పడిందని నాలుగు. బాగా చేదుగా ఉన్న ఒక బీరు తాగినప్పుడైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాలుతో ఒత్తుకుని, మందు బాగానే ఉంది, ఇంతకీ జబ్బు ఎవరికి అని అడిగి మూడు వేశారు. ప్రతి మార్కు వెనకా బట్టీ రోజుల కథ ఒకటి నడిచేది.

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, మూడు పలకల మీదా ఎనిమిదికి తగ్గకుండా వస్తేనే ఆ బీరును అమ్మకానికి బయట బోర్డు మీద రాయాలని మేనకోడలు తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. మేనమామ మార్కుల సంగతి తెలియక ముందు పెట్టుకున్న నియమం అది. పెట్టుకున్నాక తప్పడం ఆమెకు చేతకాదు, ఆ పట్టుదల కూడా ఆ ఇంటిదే. దాంతో బోర్డు మీద అప్పటికి ఒక్కటే బీరు ఉంది, అదీ ఈ బల్ల పుట్టకముందు చేసింది.

ఇంతలో చుట్టుపక్కల చిన్న చిన్న బీరు తయారీదారులందరికీ కలిపి ఒక పోటీ పెట్టారు. మేనకోడలు నెలల తరబడి కష్టపడి నాలుగు పీపాల్లో నాలుగు రకాలుగా నల్ల బీరు చేసింది. ఒక్కదాన్నే పంపాలి. మూడు పలకలూ ఎనిమిది చూపిస్తేనే పంపుతుంది, లేకపోతే ఆ ఏటికి పోటీయే లేదు. దర్జీకి కడుపు మండింది. మేనమామ నాలుక బట్టీ సెగకు ఎప్పుడో కాలిపోయిందని, ఆయన మార్కులు రుచిని బట్టి కాదు, ఆ పూట ఏ కథ గుర్తొస్తే దాన్ని బట్టి పడతాయని ఆ పిల్లతో అన్నాడు. కావాలంటే పరీక్ష పెట్టి చూడమన్నాడు. వద్దు బాబాయ్, మావయ్య నొచ్చుకుంటారని ఆమె అంటుండగానే, ఇదంతా పీపా వెనక నిలబడి విన్న మేస్త్రిగారు బయటికి వచ్చారు.

"పెట్టండి పరీక్ష. నా నాలుక తప్పిందని తేలితే ఈ కుర్చీ వదిలేస్తాను. మళ్లీ అందులో కూర్చున్నానా, నన్ను మేస్త్రీ అని పిలవొద్దు."

"మరేమని పిలవమంటావు బావా?"

"పిలవనే వద్దు."

అనడమైతే అనేశారు గానీ ఇంటికి నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. ఆయనకు మిగిలిందల్లా ఆ కుర్చీ. ఇంట్లో కుర్చీల మీద ఎప్పుడూ మడత పెట్టని బట్టలే కూర్చుని ఉంటాయి. బజార్లో పలకరించేవాళ్లు, ఇప్పుడేం చేస్తున్నారు మేస్త్రిగారూ అని అడిగితే, మన బీరు బల్లకు పెద్దను అని చెప్పుకుంటున్నారు. ఆ మాట పోతే ఇక చెప్పుకోవడానికి పాత మాటలే మిగులుతాయి. పాత మాటలు వినేవాళ్లు కూడా ఈ మధ్య చెప్పులు వేసుకునే వింటున్నారు.

ఆ వారమంతా ఆయన నాలుకను పసిపిల్లను సాకినట్టు సాకారు. ఉల్లిపాయ మానేశారు, కారం మానేశారు, వేడి టీ చల్లార్చుకుని తాగారు. పొద్దున్నే ఉప్పునీళ్లతో పుక్కిలించారు. దారిలో దుమ్ము పడకుండా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచారు. పలకరించినవాళ్లకు నాలుక అరిగిపోతుందేమోనని తలకాయతోనే జవాబు చెప్పారు. అన్నం చప్పగా వండమంటే, వండి పెట్టిన భార్య ఆ చప్పటి కూడు తానూ తినలేక నెత్తి కొట్టుకుంది. ఇన్నేళ్లూ మాట్లాడకుండా ఉండమంటే ఉండలేదు, బీరు కోసం మౌనవ్రతం పట్టారని పొరుగింటావిడతో చెప్పుకుంది.

శనివారం వచ్చింది. ఏర్పాట్లన్నీ దర్జీవే. గ్లాసుల కింద వేయడానికి అయిదు గుండ్రటి గుడ్డలు కుట్టుకొచ్చాడు. ఏ గ్లాసులో ఏ పీపా బీరు ఉందో ఆ అంకెను గుడ్డ అడుగు వైపున దారంతో కుట్టాడు, పైకి కనిపించదు. పీపాలు నాలుగే గదా, గ్లాసులు అయిదెందుకని మేస్త్రిగారు అడగలేదు. అయిదు అంటే కష్టమైన పరీక్ష అనుకుని లోలోపల సంబరపడ్డారు. గుడ్డను మాత్రం తడిమి చూసి, కుట్టు వంకర పోయింది, అయిదు మార్కులు అన్నారు.

మేనకోడలు చల్లగదిలోంచి తెచ్చి అయిదు గ్లాసులూ ఒకేసారి నింపి వరసగా పెట్టింది. గ్లాసుల చుట్టూ చెమట పట్టింది. నర్సమ్మ ఆ రోజు పలక పట్టుకోలేదు, సాక్షిగా కూర్చుంది.

మొదటి గ్లాసు. మేస్త్రిగారు ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, మింగారు. పెదవి విరిచారు. ఇందులో చలి తప్ప ఇంకేమీ లేదు, పిండి పులవకుండానే బట్టీలో పెట్టినట్టుంది అని నాలుగు వేశారు. దాన్ని పట్టుకుని, తాను రేకులు తుడిచే రోజుల్లో ఒకడు పులవని పిండి బట్టీలో పెట్టి ఇటుకలు తీసిన వైనం చెప్పారు. ఆ ఇటుకల్లో ఒకటి చాలా రోజులు తలుపుకు అడ్డం పెట్టుకున్నారట. రెండో గ్లాసుకు అయిదు, వంతెన కేకు. మూడోదానికి అయిదున్నర, పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి. నాలుగోదానికి ఆరు, ఆ ఆరు ఎందుకో చెప్పడానికి వరద అవసరమైంది. వారం రోజుల మౌనం లోపల పేరుకుపోయి ఉందేమో, ఆ పూట వరద ఎన్నడూ లేనంత ఎత్తుకు వచ్చింది. మూట జారింది. ఆయన దూకారు. ఆగారు. ఎవరూ లేవలేదు. కథలో వరద నీళ్లు తీసేసరికి కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు జరిగింది, గ్లాసుల మీది చెమటంతా ఆరిపోయింది.

అప్పుడు అయిదో గ్లాసు ఎత్తారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. రెండో గుక్క తాగడం ఆ బల్ల దగ్గర ఎవరూ చూసి ఎరగరు. మాడీ మాడని రొట్టె అంచు, దాని వెనక బెల్లం పాకం లాంటి తీపి, చివర్లో బట్టీ గోడ వాసన, ఇవన్నీ ఒక దాని వెనక ఒకటి వస్తున్నాయని అన్నారు. ఏడు రాసి, పలక ఎత్తి, ఇదీ బీరంటే, ఆ మొదటిదాన్ని తీసుకెళ్లి దీని కాళ్ల దగ్గర కూర్చోబెట్టమ్మా, బుద్ధి వస్తుంది అని తీర్పు చెప్పారు.

దర్జీ లేచి, మొదటి గ్లాసు కింది గుడ్డా అయిదో గ్లాసు కింది గుడ్డా తీసి, తిరగేసి, పక్కపక్కన పరిచాడు. రెండింటి మీదా ఒకే అంకె. రెండూ మూడో పీపా.

మేస్త్రిగారు గుడ్డల వంక చూశారు, గ్లాసుల వంక చూశారు, దారం ఏమైనా ఊడిందేమోనని వేలితో తడిమారు. కుట్టు గట్టిగానే ఉంది. ఆ బావమరిది చేతి కుట్టు గట్టిగా ఉండడం అదే మొదటిసారి. దర్జీకి కూడా అనుకున్నంత సంతోషం కలగలేదు.

నర్సమ్మ లేచింది. జ్వరం చూసినట్టు అయిదో గ్లాసుకు చేతి వెనక వైపు ఆనించి చూసింది. మొదటి గ్లాసులో మేస్త్రిగారు ఒక్క గుక్కే తాగారు గదా, మిగిలింది మిగిలినట్టే ఉంది. దాన్ని ఎత్తి ఒక గుక్క తాగింది. ఇంకోటి తాగింది.

"ఇప్పుడు ఇదీ మీ లెక్కన ఏడే," అంది. "ఇందాక చలికి బిగుసుకుంది. మీరు మాట్లాడుతున్నంతసేపట్లో ఒళ్లు వెచ్చబడింది. అంతే."

మేనకోడలు చటుక్కున ఆ గ్లాసు అందుకుంది, తర్వాత దర్జీ అందుకున్నాడు. నిజమే. నెలల తరబడి ఆ పిల్ల నల్ల బీరును చల్లగదిలోంచి తెచ్చి తెచ్చినట్టే తాగిస్తోంది, అందరి లాగే. దాన్ని కాసేపు ఊరికే వదిలేస్తే ఏమవుతుందో చూసే ఓపిక ఆ చోట ఎవరికీ లేదు. ఒక మనిషి తన గొప్పలు చెప్పుకోవడానికి అడ్డు పడలేక అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటే తప్ప ఆ బీరు పండలేదు.

"ఇంకేం బావా," అన్నాడు దర్జీ, గొంతులో కాస్త మెత్తదనం తెచ్చుకుని. "నాలుక మంచిదే. తప్పంతా చలిది. కుర్చీ నీదే."

మేస్త్రిగారు వినలేదు. నాలుక తప్పితే కుర్చీ వదిలేస్తానన్నారు. ఒకే పీపాకు నాలుగూ వేశారు, ఏడూ వేశారు. చలిదో ఎండదో, ఆ అంకెలు తన చేతివే. మాట అన్నది కూడా తన నోరే. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి లేచారు. తువ్వాలుతో కుర్చీని పై నుంచి కిందికి ఒకసారి తుడిచారు. తర్వాత ఆ గదిలో, రేకులు తుడిచిన రోజుల తర్వాత మొదటిసారి, నలుగురితో పాటు నిలబడ్డారు. ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు పీపాకూ బల్లకూ మధ్య తచ్చాడారు.

అయిదో గ్లాసులో ఇంకా సగం ఉంది. అందుకున్నారు. ఈసారి నోట్లో తిప్పలేదు, కళ్లు మూసుకోలేదు, దాహం వేసినవాడు తాగినట్టు ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు బల్ల మీద బోర్లించారు.

"బాగుందమ్మా," అన్నారు.

దర్జీ కుర్చీ అంచు పట్టుకున్నాడు. మేస్త్రిగారికే తన గొంతు కొత్తగా వినిపించి, సంజాయిషీ చెప్పుకున్నారు.

"కుర్చీలో ఉన్నవాడు అనకూడదు. ఇప్పుడు నిలబడ్డాను గదా."

పలక తీసుకుని ఏడు తుడిచేసి ఎనిమిది రాశారు. దాని వంక చూసి, అదీ తుడిచేసి తొమ్మిది రాశారు. మిగిలిన ఆ ఒక్క మార్కూ తన రొట్టెకు ఉంచుకున్నానని, దాని జోలికి రావద్దని ముందే చెప్పేశారు. దర్జీ, నర్సమ్మ కూడా తమ పలకలు అందుకుని చెరో ఎనిమిది వేశారు.

సరిగ్గా ఆ వేళకు ఇంత ఆలస్యమైందేమిటని వెతుక్కుంటూ ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. 'బాగుందమ్మా' అన్న మాట గడప బయటే ఆమె చెవిన పడింది. ఇంకెవరి గొంతో అనుకుందట ముందు. లోపలికి వచ్చి, ఖాళీ కుర్చీనీ, నిలబడి ఉన్న మొగుణ్ణీ చూసి, జరిగిందంతా దర్జీ తమ్ముడి నోట విని, ముక్కు మీద వేలేసుకుంది.

"అయితే రేపటి నుంచి ఇంట్లో కూడా నిలబడే తినండి," అంది.

మూడో పీపా బీరు పోటీకి వెళ్లింది. రెండో స్థానం వచ్చింది. అక్కడి న్యాయనిర్ణేతలు వరద కథలో నీళ్లు తీసేదాకా ఆగి ఉంటే మొదటిదే వచ్చేదని మేస్త్రిగారి అభిప్రాయం, దాన్ని ఆయన మార్చుకోలేదు. ఇప్పుడు బయట బోర్డు మీద రెండు బీర్లు ఉన్నాయి. రెండోది అడిగినవాళ్లకు మేనకోడలు గ్లాసు నింపి ముందు పెట్టి, చెయ్యి అడ్డం పెడుతుంది. పక్కనే నిలబడ్డ మేస్త్రిగారు గొంతు సవరించుకుంటారు. నీళ్లు గడప దాటతాయి. మూట జారుతుంది. ఆయన దూకుతారు, ఆగుతారు. ముందుగా గ్లాసు ఎత్తబోయినవాడి చేతి మీద ఒక్క దెబ్బ పడుతుంది. ఇంతమంది చెప్పులు విప్పి కూర్చుని తన కథ చివరిదాకా వినడం ఆయన ఎన్నడూ చూడలేదు. మంచి పదవేనని, జీతం లేకపోయినా నిలబడి చేసే పని ఒంటికి మంచిదని బజార్లో చెప్పుకుంటున్నారు.

శనివారం బల్ల దగ్గర కుర్చీ దర్జీకి వచ్చింది. మొదటి వారం అతను మొహమాటపడుతూ అంచున కూర్చున్నాడు. రెండో వారం వెనక్కి ఆనుకున్నాడు. మూడో వారం, కొత్త తేనె బీరు ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, పెదవి విరిచి, పలక మీద అయిదు వేశాడు. ఎందుకు అయిదో చెప్పడానికి గొంతు సవరించుకుని, తాను ఒకప్పుడు ఒక పెద్దమనిషికి కోటు కుట్టిన సంగతి అందుకున్నాడు.

"తొందరగా కానివ్వు బావమరిదీ," అన్నారు మేస్త్రిగారు పక్కన నిలబడి. "ఇది చల్లగా తాగాల్సిన బీరు."